ఏ ప్లేయర్లో చూడాలో ఎవరు చెప్పాలి? అనధికార యాడ్-ఆన్ల చుట్టూ నడుస్తున్న తగాదా

2009 ఫిబ్రవరి నాటి సంగతి ఇది. అమెరికాలో హులూ అనే సంస్థ టీవీ కార్యక్రమాలను తన వెబ్‌సైటులో ఉచితంగా, ప్రకటనలతో కలిపి చూపించేది. బాక్సీ అనే చిన్న సంస్థ తయారుచేసిన ప్లేయర్ అవే వీడియోలను, అవే ప్రకటనలతో, టీవీకి తగిలించిన కంప్యూటర్లో సోఫాలో కూర్చుని చూసేలా అమర్చిపెట్టింది. ప్రకటనల మీద వచ్చే డబ్బు హులూకే చేరుతోంది. అయినా తమ వీడియోలను ఆ ప్లేయర్లోంచి తీసేయమని హులూ బాక్సీని కోరింది. తమకు కార్యక్రమాలు ఇస్తున్న సంస్థలు అడిగాయని, వాటి మాట మన్నిస్తున్నామని హులూ అధిపతి జేసన్ కిలార్ బహిరంగంగానే రాశారు. బాక్సీ ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ (సైటు తన కొత్త అంశాల జాబితాను ఇతర ప్రోగ్రాములు చదవగలిగేలా ఇచ్చే ఫైలు) దారిలో వాటిని మళ్లీ తెచ్చింది. ఆ దారీ మూతపడింది. చివరికి ప్లేయర్ లోపలే ఒక బ్రౌజర్ పెట్టి చూసింది.

ఈ పాత ఉదంతంతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ప్లేయర్‌కు అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రాములు యాడ్-ఆన్లు; ప్రసార సంస్థ ప్రమేయం లేకుండా బయటివాళ్లు రాసినవి అనధికార యాడ్-ఆన్లు. వాటి మీద చర్చ ఎక్కడ మొదలైనా పైరసీ దగ్గరికి చేరి అక్కడే ఆగిపోతుంది. పైరసీ నిజమైన సమస్యే, దాని సంగతి కింద వివరంగా రాస్తాను. కానీ బాక్సీ వ్యవహారంలో దొంగ సరుకు లేదు, ఎగ్గొట్టిన చందా లేదు, కత్తిరించిన ప్రకటన లేదు. గొడవ మాత్రం వచ్చింది. కార్యక్రమం మీద హక్కు ఎవరిదన్నది ఒక ప్రశ్న. ఆ కార్యక్రమాన్ని న్యాయంగా పొందినవారు ఏ ప్లేయర్లో, ఏ తెర మీద, ఏ వరుసలో చూడాలో నిర్ణయించేది ఎవరన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి చట్టంలో స్పష్టమైన జవాబు ఉంది. రెండోదానికి జవాబు లేకుండానే ప్రసార సంస్థలు తమకు అనుకూలంగా తీర్పు రాసుకున్నాయని నా అభిప్రాయం.

ఈ రంగంలో అందరికీ తెలిసిన పేరు కోడీ. 2002లో ఎక్స్‌బాక్స్ ఆట యంత్రం కోసం కొందరు ఔత్సాహికులు మొదలుపెట్టిన మీడియా ప్లేయర్ అది. తర్వాత ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్‌గా, పొట్టిగా ఎక్స్‌బీఎంసీగా ఎదిగి, 2014లో కోడీ అన్న పేరు పెట్టుకుంది. దాని పుట్టుకే అనధికారికం. మార్పులు చేసిన ఎక్స్‌బాక్స్‌ల మీదే అది నడిచేది. దాన్ని తయారుచేయడానికి మైక్రోసాఫ్ట్ డెవలపర్ కిట్ కావాలి కాబట్టి బృందం సోర్స్ కోడ్ మాత్రమే విడుదల చేసేది, నడిచే రూపంలో ఇచ్చేవారు కాదు. బాక్సీ, ప్లెక్స్ అనే ప్లేయర్లు రెండూ ఈ కోడ్ నుంచే పుట్టాయి. నేటికీ కోడీ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే. ఒక లాభాపేక్ష లేని ఫౌండేషన్ దాన్ని చూసుకుంటుంది. అందులో సొంత సినిమా ఒక్కటీ ఉండదు. మీ డిస్కులో ఉన్నవి చూపిస్తుంది, మిగతాదంతా యాడ్-ఆన్ల పని.

యాడ్-ఆన్ లోపల ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూస్తే తగాదా సగం అర్థమవుతుంది. వీడియో యాడ్-ఆన్ అంటే జిప్ ఫైలులో పెట్టిన కొన్ని పైథాన్ స్క్రిప్టులు, పేరూ వెర్షనూ చెప్పే ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు. మెనూలో ‘తాజా కార్యక్రమాలు’ నొక్కగానే కోడీ ఆ స్క్రిప్టును పిలుస్తుంది. స్క్రిప్టు ప్రసార సంస్థ సర్వర్‌ను అడిగి, వచ్చిన జవాబులోంచి పేర్లు, బొమ్మలు, నిడివి ఏరుకుని, జాబితా కట్టి కోడీకి ఇస్తుంది. జాబితాలో ఒకటి నొక్కితే స్క్రిప్టు మళ్లీ మేలుకుని, ఈసారి వీడియో అసలు చిరునామా వెతుకుతుంది. ఆ చిరునామాలో దొరికేది సాధారణంగా ఎం3యూ8 లేదా ఎంపీడీ రకం ఫైలు. అందులో వీడియో ఉండదు. కొన్ని సెకన్ల నిడివి ఉన్న ముక్కలు ఎక్కడున్నాయో, ఏయే నాణ్యతల్లో ఉన్నాయో చెప్పే పట్టిక ఉంటుంది. చాలాసార్లు ఆ చిరునామా చివర కాసేపటికే గడువు తీరిపోయే టోకెన్ (అనుమతి చీటీ లాంటి అక్షరాల వరుస) తగిలించి ఉంటుంది. అడుగుతున్నది ఏ బ్రౌజర్, ఏ పేజీలోంచి వస్తోంది అన్న వివరాలు సరిపోతే తప్ప కొన్ని సర్వర్లు ముక్కలు ఇవ్వవు. స్క్రిప్టు ఆ వివరాలన్నీ జతచేసి చిరునామాను కోడీకి అప్పగించి తప్పుకుంటుంది. అక్కడి నుంచి వీడియో సంస్థ సర్వర్లోంచి నేరుగా మీ ప్లేయర్‌కు వస్తుంది. యాడ్-ఆన్ రచయిత కంప్యూటర్‌ను అది తాకనైనా తాకదు.

అంటే యాడ్-ఆన్ చేసేది బ్రౌజర్ చేసే పనే. తేడా ఒకటే: బ్రౌజర్ సంస్థ గీసిన పేజీని చూపిస్తుంది, యాడ్-ఆన్ ఆ పేజీని పక్కన పెట్టి అందులోని సరుకును తన పద్ధతిలో చూపిస్తుంది. ఆ పేజీ కోసం సంస్థ రాసుకున్న అంతర్గత ఏర్పాట్ల మీద బయటివాళ్లు ఆధారపడాల్సి రావడం ఇక్కడున్న బలహీనత. సంస్థ ఒక ఫీల్డు పేరు మార్చినా, టోకెన్ తయారీ పద్ధతి మార్చినా యాడ్-ఆన్ ఆ రోజే ఖాళీ జాబితా చూపిస్తుంది. తిట్లు మాత్రం యాడ్-ఆన్ రచయితకు పడతాయి. ఆయన జీతం లేకుండా, ఖాళీ సమయంలో ఆ పని చేస్తున్న మనిషి.

అధికారిక ఏపీఐ (బయటి ప్రోగ్రాములు తన సమాచారం అడగడానికి సంస్థే తెరిచిపెట్టే దారి) ఉన్నచోటా ఇబ్బందులున్నాయి. యూట్యూబ్ డేటా ఏపీఐ ఒక్కో ప్రాజెక్టుకు సాధారణంగా రోజుకు 10,000 యూనిట్ల కోటా ఇస్తుంది. ఒక్క వెతుకులాటకు 100 యూనిట్ల ఖర్చు పడింది. ఆ లెక్కన రోజుకు వంద వెతుకులాటలు. ఒక యాడ్-ఆన్‌ను వేలమంది వాడుతుంటే రచయిత పెట్టిన ఒకే ఏపీఐ తాళంచెవి (ఎవరు అడుగుతున్నారో సర్వర్‌కు చెప్పే సంకేతం) కోటా పొద్దున్నే అరిగిపోతుంది. అందుకే కోడీలోని యూట్యూబ్ యాడ్-ఆన్ వాడేవారు గూగుల్ ఖాతాలోకి వెళ్లి, ప్రాజెక్టు సృష్టించి, సొంత తాళంచెవులు తెచ్చుకోవాల్సి వచ్చింది. మామూలు వీక్షకుడు ఆ పని చేస్తాడా? చేయడు. నిషేధం అని ఎక్కడా రాయకుండానే తలుపు మూసే పద్ధతి ఇది.

మరొక సంగతి చాలామంది పొరబడేది. కోడీ అధికారిక రిపాజిటరీలో (యాడ్-ఆన్లు దించుకునే నిల్వలో) ఉన్న యాడ్-ఆన్ అంటే ప్రసార సంస్థ తయారుచేసినదని అర్థం కాదు. కోడీ బృందం తన నియమాల ప్రకారం పరిశీలించి చేర్చుకుందని మాత్రమే. జర్మనీ ప్రభుత్వ రంగ ప్రసార సంస్థల వీడియోలు చూపించే యాడ్-ఆన్లు అందులో చేరాయి. వాటిని రాసింది ఔత్సాహికులే. కాబట్టి అనధికార యాడ్-ఆన్లన్నీ ఒకే గాటన కట్టదగినవి కావు. ఎవరైనా ఉచితంగా చూడగల వీడియోను వేరే ప్లేయర్లో చూపించేవి కొన్ని. చందా కట్టినవారి సొంత ఖాతాతో లాగిన్ అయ్యి పనిచేసేవి కొన్ని. హక్కులు లేనివాళ్లు ఎక్కడెక్కడో పెట్టిన కాపీలను వెతికి తెచ్చేవి కొన్ని. ఈ మూడోరకం గురించి సంస్థలు పడే బాధ నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. మొదటి రెండింటి మీదా అదే కర్ర ఎత్తడాన్ని నేను ఒప్పుకోను.

చందాదారుల రకానికి మంచి ఉదాహరణ నెట్‌ఫ్లిక్స్ యాడ్-ఆన్. నెట్‌ఫ్లిక్స్ 2008లో బయటి డెవలపర్ల కోసం బహిరంగ ఏపీఐ తెరిచింది. 2013లో కొత్తవారికి అనుమతులు ఆపేసింది, 2014 నవంబరులో దాన్ని పూర్తిగా మూసేసింది. ఆ తర్వాత కోడీలో నెట్‌ఫ్లిక్స్ చూడాలంటే అనధికార యాడ్-ఆన్ ఒక్కటే దారి. అది తాళం పగలగొడుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. 2019 జనవరిలో వచ్చిన కోడీ 18వ వెర్షన్ డీఆర్‌ఎం (అనుమతి ఉన్నవారికే తెరుచుకునే డిజిటల్ తాళం) ఉన్న వీడియోలను నడిపే ఏర్పాటు తెచ్చింది. గూగుల్‌కు చెందిన వైడ్‌వైన్ అనే డీఆర్‌ఎం మాడ్యూలే అక్కడా పనిచేస్తుంది. మీ ఖాతా, మీ పాస్‌వర్డు, సంస్థ ఇచ్చే లైసెన్సు అన్నీ ఉంటేనే బొమ్మ వస్తుంది. చందా ఆగిన మరుక్షణం యాడ్-ఆన్ కూడా ఆగుతుంది.

ఈ ఏర్పాటు ఎంత వంకర దారిలో నడుస్తుందో చూడండి. కోడీ బృందం వైడ్‌వైన్ మాడ్యూల్‌ను తన వెంట పంచలేదు, అది ఓపెన్ సోర్స్ కాదు. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డుల మీద సహాయక యాడ్-ఆన్ ఒకటి క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌లను బాగుచేయడానికి గూగుల్ ఇచ్చే భారీ రికవరీ ఫైలును మొత్తం దించుకుని, అందులోంచి ఒక్క లైబ్రరీ ఫైలును బయటికి తీసి వాడుకునేది. డబ్బు కట్టిన మనిషి తాను కొన్నదాన్ని తన పెట్టెలో చూసుకోవడానికి ఇంత తిప్పలు పడాలి. పడ్డాక కూడా పూర్తి నాణ్యత అందదు. వైడ్‌వైన్‌లో ఎల్1, ఎల్3 అని భద్రతా స్థాయిలుంటాయి. ఎల్1లో తాళం తీసే పని ప్రాసెసర్‌లోని రక్షిత భాగంలో జరుగుతుంది, ఎల్3లో కేవలం సాఫ్ట్‌వేర్ చేస్తుంది. సంస్థలు సర్టిఫికెట్ పొందిన పరికరాలకే మేలిమి నాణ్యత ఇస్తాయి. పర్యవసానం ఏమిటంటే చందాదారు మసక బొమ్మ చూస్తాడు. పైరసీ చేసేవాడి దగ్గర అదే సినిమా తాళాలేవీ లేకుండా పూర్తి స్పష్టతతో ఉంటుంది.

మరి సంస్థలు ఇలా ఎందుకు చేస్తాయి? దురుద్దేశంతో అనడం తేలిక, నిజం అది కాదు. నెట్‌ఫ్లిక్స్ అయినా మరొకటి అయినా చూపించే వాటిలో చాలాభాగం సొంతం కాదు, లైసెన్సు మీద తెచ్చుకున్నవే. ఆ ఒప్పందాల్లో ఏ దేశంలో, ఎంతకాలం, ఏ రకం పరికరంలో, ఏ స్థాయి డీఆర్‌ఎంతో చూపించవచ్చో రాసి ఉంటుంది. 2009లో కంప్యూటర్ తెర ఒకటి, టీవీ తెర వేరొకటి. టీవీ తెర మీద కేబుల్ సంస్థల నుంచి వచ్చే ఆదాయం ఎంతో పెద్దది, దానికి గండి పడుతుందన్న భయంలోనే బాక్సీ ఇరుక్కుంది. ఒప్పందం తప్పితే నష్టపోయేది మధ్యలో ఉన్న హులూ. అందుకే అది కాదనలేకపోయింది. సహాయ కేంద్రాల మీద పడే భారమూ ఉంది: యాడ్-ఆన్ చెడిపోతే వీక్షకుడు ఫోను చేసేది చందా కట్టిన సంస్థకే.

ఇంతవరకు నేను అంగీకరిస్తాను. కానీ ఇంకో కారణం ఉంది, దాన్ని సంస్థలు అంత గట్టిగా చెప్పవు. తెర మీద మొదటి వరుసలో ఏం కనిపించాలి, ఒకటి అయిపోగానే ఏది మొదలవ్వాలి, ఎవరు ఎక్కడ ఆపేశారు, దేన్ని వెతికి దొరకక వెళ్లిపోయారు అన్నవన్నీ ఈ వ్యాపారానికి ప్రాణం. సొంత యాప్ ఉంటేనే ఇవి చేతిలో ఉంటాయి. ఐదు సంస్థల కార్యక్రమాలను ఒకే జాబితాలో, అక్షర క్రమంలో, సిఫార్సులు లేకుండా చూపించే ప్లేయర్ వస్తే వీక్షకుడికి ఎంతో సుఖం. సంస్థకు మాత్రం తాను కేవలం ఒక గిడ్డంగిగా మిగిలిపోతానన్న భయం. ఆ భయం వ్యాపారపరంగా అర్థమవుతుంది. దాన్ని కాపీరైట్ రక్షణ అన్న పేరుతో ముందుకు తేవడమే సరికాదు. కాపీరైట్ కాపీని కాపాడుతుంది. మెనూలో మొదటి వరుస ఎవరిదో చెప్పడం దాని పని కాదు.

ఇక పైరసీ. 2010 తర్వాతి సంవత్సరాల్లో చవక ఆండ్రాయిడ్ పెట్టెల్లో కోడీని, దాంతోపాటు ఎక్సోడస్ వంటి యాడ్-ఆన్లను ముందే నింపి, అన్ని సినిమాలూ జీవితాంతం ఉచితం అని చెప్పి అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. కొన్నవారిలో చాలామందికి కోడీ అంటే ఆ పెట్టెలోని దొంగ సినిమాలే. అమెజాన్ 2015లో తన యాప్‌స్టోర్ నుంచి కోడీని తీసేసింది. గూగుల్ 2018లో వెతుకులాట సూచనల్లోంచి ఆ పేరు తొలగించింది. ఈ పెట్టెల వ్యాపారులే ప్రాజెక్టును చంపేస్తున్నారని ఫౌండేషన్ 2016లోనే బాహాటంగా వాపోయింది. తమ చర్చావేదికల్లో పైరసీ యాడ్-ఆన్ల మాట ఎత్తనివ్వకుండా నిషేధించింది. 2017లో వచ్చిన 17వ వెర్షన్ నుంచి గుర్తు తెలియని మూలాల నుంచి యాడ్-ఆన్లు పెట్టుకోవడం మొదటి నుంచే ఆపి ఉంచింది. కావాలంటే హెచ్చరిక చదివి తెరుచుకోవాలి. అంతకుమించి ఏం చేయగలదు? ఓపెన్ సోర్స్ లైసెన్సు ప్రకారం కోడ్‌ను ఎవరైనా తీసుకోవచ్చు, మార్చవచ్చు. ఫౌండేషన్ చేతిలో గట్టిగా ఉన్న ఆయుధం ట్రేడ్‌మార్క్ ఒక్కటే: దొంగ పెట్టె మీద కోడీ పేరు వాడొద్దని చెప్పగలదు, అంతే.

న్యాయస్థానాలు ఈ చిక్కుముడిని యూరప్‌లో కాస్త ఓపికగా విప్పాయి. 2014లో స్వెన్సన్ కేసులో యూరోపియన్ న్యాయస్థానం ఒక మంచి సూత్రం చెప్పింది: హక్కుదారు అనుమతితో ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంచినదానికి లింకు ఇవ్వడం ఉల్లంఘన కాదు. 2016లో జీఎస్ మీడియా కేసులో, అనుమతి లేకుండా పెట్టిన సరుకుకు లింకు ఇస్తే ఆ సంగతి ఇచ్చినవారికి తెలుసా లేదా అన్నది చూడాలని, లాభం కోసం ఇస్తే తెలిసే ఇచ్చినట్టు భావించవచ్చని తేల్చింది. 2017 ఏప్రిల్ 26న వచ్చిన ఫిల్మ్‌స్పేలర్ తీర్పు నేరుగా మన విషయం మీదే. నెదర్లాండ్స్‌లో ఒక వ్యాపారి పైరసీ మూలాలకు దారితీసే యాడ్-ఆన్లు నింపిన పెట్టెలు అమ్మాడు. యాడ్-ఆన్లు తాను రాయలేదు, వీడియోలు తన దగ్గర లేవు. అయినా, తెలిసి తెలిసి వాటిని పెట్టెలో అమర్చి అమ్మడం కార్యక్రమాన్ని ప్రజలకు అందించడం కిందికే వస్తుందని కోర్టు చెప్పింది. అలాంటి మూలం నుంచి స్ట్రీమ్ చూసేటప్పుడు ఏర్పడే తాత్కాలిక కాపీకి కూడా మినహాయింపు వర్తించదంది. అదే ఏడాది అమెరికాలో స్టూడియోలు, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ కలిసి ఏస్ అనే కూటమి కట్టాయి. దాని సభ్య సంస్థలు టిక్‌బాక్స్ అనే పెట్టెల కంపెనీ మీద దావా వేశాయి. 2018లో ఆ కంపెనీ 2.5 కోట్ల డాలర్ల తీర్పుకు అంగీకరించింది.

ఈ తీర్పుల్లో నాకు నచ్చేది వాటి నిగ్రహం. ప్లేయర్‌ను ఏ కోర్టూ తప్పుపట్టలేదు. తెలిసి, లాభం కోసం, దొంగ మూలానికి దారి చూపినవాడిని తప్పుపట్టాయి. గీత అక్కడ ఉండటం సబబు. కానీ ఈ గీతను పక్కకు జరిపే ఇంకో చట్టం ఉంది. అమెరికాలో 1998 నాటి కాపీరైట్ చట్టం డీఎంసీఏలోని 1201వ సెక్షన్ సాంకేతిక తాళాన్ని దాటడమే నేరమంటుంది, దాటి మీరు చేసిన పని న్యాయమైనదైనా సరే. 2020 అక్టోబరులో అమెరికా సంగీత కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ ఈ వాదనతోనే వీడియోలు దించుకునే యూట్యూబ్-డీఎల్ అనే సాధనాన్ని, కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్ నుంచి తీయించింది. యూట్యూబ్ పేజీలోని జావాస్క్రిప్ట్ ఏ బ్రౌజర్‌కైనా ఇచ్చే లెక్కనే ఆ సాధనం చేస్తుందని, అది తాళం పగలగొట్టడం కాదని న్యాయవాదులు వివరించాక నవంబరులో గిట్‌హబ్ దాన్ని తిరిగి పెట్టింది. డెవలపర్ల రక్షణకు 10 లక్షల డాలర్ల నిధి కూడా ప్రకటించింది. జర్మనీలో గాలి ఎదురు వీచింది: 2023లో హాంబర్గ్ కోర్టు ఆ సాధనం వెబ్‌సైటుకు చోటిచ్చిన హోస్టింగ్ కంపెనీకి వ్యతిరేకంగా తీర్పునిచ్చింది. ఒకే కోడ్ ఒకచోట నిలబడింది, ఇంకోచోట దానికి చోటిచ్చినవారే బాధ్యులయ్యారు. యాడ్-ఆన్ రాసే ఔత్సాహికుడు ఈ అనిశ్చితి మధ్యే పనిచేయాలి. ఒక న్యాయవాది నోటీసు చాలు, ఆయన మానేస్తాడు. తప్పు చేసి కాదు, కేసు నడిపే స్తోమత లేక.

వీక్షకుడికి సంబంధించిన ప్రమాదం వేరే ఉంది. దాన్ని అభిమానులు దాచిపెడతారు, నాకది నచ్చదు. కోడీ యాడ్-ఆన్‌కు కట్టడి చేసిన గది ఏదీ లేదు. ఆ పైథాన్ స్క్రిప్టు మీ ఖాతాకు ఉన్న అధికారాలన్నిటితో నడుస్తుంది: ఫైళ్లు చదవగలదు, ఇంటర్నెట్‌లో ఎవరితోనైనా మాట్లాడగలదు, చడీచప్పుడు లేకుండా తనను తాను అప్‌డేట్ చేసుకోగలదు. 2017 ఫిబ్రవరిలో ఎక్సోడస్ కోడ్‌లో చేరిన కొన్ని వరుసలు వాడుకరుల పెట్టెల నుంచి రచయిత ప్రత్యర్థుల సైట్లకు అదేపనిగా అభ్యర్థనలు పంపాయి. వేలమంది తమకు తెలియకుండానే ఒక దాడిలో పాల్గొన్నారు. 2018 సెప్టెంబరులో ఈసెట్ అనే భద్రతా సంస్థ బబుల్స్, గాయా, ఎక్స్‌వీబీఎంసీ అనే రిపాజిటరీల ద్వారా మొనెరో క్రిప్టో నాణేన్ని తవ్వే మాల్‌వేర్ వ్యాపించిందని బయటపెట్టింది. కాబట్టి నెట్‌ఫ్లిక్స్ పాస్‌వర్డు అడిగే ఏ యాడ్-ఆన్‌నైనా పెట్టుకునే ముందు దాని కోడ్ బహిరంగంగా ఉందా, పాస్‌వర్డు సంస్థ సర్వర్‌కు తప్ప మరెక్కడికైనా పోతోందా, ఎంతకాలంగా ఎవరు నిర్వహిస్తున్నారు అన్నవి చూడాలి. అధికారిక ఏపీఐ ఉంటే ఈ గొడవ అక్కర్లేదు. యాడ్-ఆన్‌కు పాస్‌వర్డు ఇవ్వకుండా, కావలసినప్పుడు రద్దుచేయగల టోకెన్ ఇస్తే సరిపోతుంది.

అలాంటి ఏర్పాటు అసాధ్యమేమీ కాదు. పాడ్‌కాస్టులు ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ మీద పెరిగాయి. కార్యక్రమం ఒకరిది, వినే యాప్ ఇంకొకరిది. డబ్బు కట్టి వినే పాడ్‌కాస్టులు కూడా ఒక్కో చందాదారుకు ఒక్కో రహస్య ఫీడ్ చిరునామా ఇచ్చి నడుస్తున్నాయి. సినిమాలకు స్టూడియోల ఒప్పందాలు అడ్డు అంటే ఒప్పుకోవచ్చు. ప్రజల డబ్బుతో నడిచే ప్రసార సంస్థలకు ఆ సాకు అంతగా వర్తించదు, ముఖ్యంగా అవి సొంతంగా తీసిన వార్తలకు, డాక్యుమెంటరీలకు. 2010లో బ్రిటన్ ప్రజా ప్రసార సంస్థ బీబీసీ తన ఆన్‌లైన్ వీడియో సేవ ఐప్లేయర్‌లో ఫ్లాష్ వీడియోలకు ఒక తనిఖీ పెట్టింది. ఆమోదించిన ప్లేయర్ ఫైలే అడుగుతోందని రుజువైతే తప్ప సర్వర్ వీడియో ఇవ్వదు. బీబీసీని నడిపే టీవీ లైసెన్సు రుసుము కట్టిన ఇళ్లలో ఎక్స్‌బీఎంసీ వాడుతున్నవారికి ఆ రోజు తెర ఖాళీ అయింది. ఆ రుసుముతో తీసిన కార్యక్రమాలకైనా పత్రాలతో సహా, మార్పులకు ముందస్తు నోటీసుతో సహా, ఎవరైనా ప్లేయర్ రాసుకోగల ఏపీఐ ఒకటి ప్రకటించమని ప్రజా ప్రసార సంస్థలను అడగాలి. ముందుగా తెరవాల్సింది వాళ్లే.